ఒంటి మేజోడు

డ్రయ్యర్ మింగేసిందో, మంచం కింద దాక్కుందో,
స్విండన్‌లో ఈ అద్దె ఇంటికి వచ్చిన మూడేళ్లలో
పదకొండు ఒంటి మేజోళ్లు మిగిలాయి మాకు.
మేజోడు అన్న మాటలోనే జోడు ఉంది.
మా ఇంట్లోనే లేదు.

పారేద్దాం అంటుంది హైమ.
రేపో మాపో రెండోది దొరక్కపోదు అంటాను నేను.
ఆ ఆశకి ఒక బిస్కెట్ల డబ్బా కేటాయించాం.

శనివారం ఓజస్వి స్నేహితురాలి పుట్టినరోజు.
ఆ పిల్ల పేరు పాపీ.
పాపం, పేరులో తప్ప ఎక్కడా పాపం లేదు.
అది గసగసాల పువ్వు పేరని
మా నాలుగున్నరేళ్లది చెప్పేదాకా నాకు తెలీదు.

జీతం పడేది ఆ పై గురువారం.
బొమ్మల దుకాణంలో ఒక్కో ధర చీటీ తిప్పి చూసి
ఏది ఎలా ఉందో అలాగే పెట్టేసి
బయట సన్నటి వానలో బస్సు కోసం నిలబడ్డప్పుడు
తట్టింది డబ్బా సంగతి.

నాది గోడౌన్లో రాత్రి డ్యూటీ.
పిల్లని బడిలో దింపొచ్చి, పడుకోవాల్సిన వేళకి
వంటగది బల్ల ముందు కూర్చున్నాను.
చీరలకి ఫాల్ కుట్టే హైమ సూది.
కొత్త చొక్కాలతో బుల్లి కవర్లో వచ్చే అదనపు గుండీలు,
ఎప్పుడైనా పనికొస్తాయని దాచినవి,
ఇన్నేళ్లకి కళ్లయ్యాయి.
పాత దిండు పొట్టలోంచి ఇంత దూది,
కూర్చోబెడితే ఒరిగిపోకుండా
అడుగున గుప్పెడు కందిపప్పు.
మడమ ఉన్నచోట పిర్ర వస్తుంది.
వేళ్ల వైపు చీలిస్తే రెండు చెవులు.
దారం బిగించి ముడేస్తే మెడ.
అంతే విద్య.
నేర్పిన గురువు మూడుసార్లు గుచ్చుకున్న నా బొటనవేలు.

కుందేలనుకునే మొదలుపెట్టాను.
ఒక చెవి పొడుగు, ఒకటి పొట్టి,
మూతి చూస్తే గాడిదకి మేనత్త.
ఓజస్వి బడి నుంచి వచ్చి చాలాసేపు చూసింది.
"దీనికి నిద్రొస్తోంది నాన్నా" అంది.
కుట్టినవాడి కళ్లే వచ్చినట్టున్నాయి దానికి.

అసలు తంటా శుక్రవారం రాత్రి.
"పాపీకి ఇవ్వను, ఇది నాది" అని
దాన్ని గౌనులో దోపుకుని బోర్లా పడుకుంది.
బతిమాలాను. చాక్లెట్ చూపించాను.
నిద్రపోయాక లాగుదామని వెళ్లాను కూడా,
దుప్పట్లోంచి పొట్టి చెవి ఒక్కటే కనిపించింది.
వట్టి చేతులతో వెనక్కొచ్చేశాను.

డబ్బా బోర్లించాను.
మిగిలినవన్నీ నల్లవి, మడమలు చిల్లులు.
అప్పుడు నా కాళ్లకేసి చూసుకున్నాను.
ఆవపూల రంగు, అసలైన ఉన్ని,
పోయిన చలికాలం హైమ ఓవర్‌టైం డబ్బుతో కొన్నవి.
ఇంట్లో జోడు తప్పనివి అవే.

కుడిది విప్పి, ఉతికి, హీటర్ మీద ఆరేసి
తెలిసి తెలిసి కత్తెర పెట్టాను.
హైమ చూసింది. ఏమీ అనలేదు.
సూదిలోకి దారం మాత్రం తనే ఎక్కించి ఇచ్చింది.

పొద్దున ఓజస్వి బంగాళాదుంప ముక్క చెక్కించుకుని
పసుపు నీళ్లలో ముంచి
గోధుమరంగు కాగితం నిండా అచ్చులు కొట్టింది.
నక్షత్రాలట. నాకు మాత్రం
చిన్న చిన్న పకోడీల్లా కనిపించాయి.

పాపీ వాళ్లమ్మ తలుపు తీసి
"కొత్త కార్పెట్ వేశాం, బూట్లు విప్పుతారా, ఏమీ అనుకోకండి" అంది.
ఆ సంగతి నేనసలు అనుకోలేదు.
ఎడమ కాలికి ఆవపూలు, కుడి కాలికి అమావాస్య.
పెద్దలందరూ చూసీ చూడనట్టు
వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

పాపీ కాగితం చించింది.
బొమ్మని చూసింది.
నా కాలు చూసింది.
మళ్లీ బొమ్మని చూసి,
నేలమీద చతికిలబడి
దాన్ని నా ఎడమ పాదానికి ఆనించి కూర్చోబెట్టింది.

"ఇది వాళ్లమ్మా?"

గదంతా నావైపు తిరిగింది.
ఏం చెప్పాలో తోచక
అవునన్నట్టు
కాలి బొటనవేలు ఆడించాను.